రాజకీయాల నుంచి బ్యాంకింగ్‌లోకి: గోదావరి డెల్టా నాయకులు తరచుగా అడిగే ప్రశ్నలు

పదవీకాలం అయిపోయిన సర్పంచులు, మాజీ ఎంపీపీలు, జెడ్పీటీసీలు, పార్టీ పనిలో పదిహేనేళ్లు తిరిగి ఇక చాలనుకున్నవారు రాజోలు నుంచి తణుకు దాకా నన్ను అడిగేవి దాదాపు ఇవే సందేహాలు. సహకార రుణ వ్యవస్థలో పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి నాకు తెలిసినంతవరకు ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న అవసరమో అదొక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## ఇంకా ఆలోచనలోనే ఉన్నవారికి

రెండుసార్లు సర్పంచ్‌గా చేశానండి. బ్యాంకింగ్‌లో నాలాంటివాడికి చోటుందా?

ఉంది. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం, అంటే మన ఊరి సొసైటీ. జిల్లా కేంద్ర సహకార బ్యాంకు, పట్టణాల్లోని అర్బన్ బ్యాంకుల పాలకవర్గాలు. ఊళ్లో బ్యాంకు తరఫున చిన్న కౌంటర్ నడిపే బ్యాంక్ మిత్ర పని. వీటిలో ఏదో ఒకటి చాలామందికి కుదురుతుంది. మీరు తీసుకెళ్లేది చిన్న పెట్టుబడేమీ కాదు. ఏ చేను ఎవరిది, దున్నుతున్నది ఎవరు, ఏ అన్నదమ్ముల మధ్య హద్దు తగాదా ఉంది, ఎవరు మాట మీద నిలబడతారు, ఇవన్నీ మీకు తెలుసు. శాఖకు వచ్చే మేనేజరు రెండు మూడేళ్లకే బదిలీ అయిపోతాడు. ఊరు అర్థమయ్యేలోపే పెట్టె సర్దుకుంటాడు. ఎంపీపీగా మండల స్థాయి బ్యాంకర్ల సమావేశాల్లో కూర్చున్నవారికి రుణ ప్రణాళిక అంటే ఏమిటో కొంత తెలిసే ఉంటుంది. అది కూడా పనికొస్తుంది.

వయసు 42. పరీక్ష రాసి బ్యాంకు ఉద్యోగం తెచ్చుకోవచ్చా?

కుదరదండి. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ లెక్కలో క్లర్కు పోస్టులకు 20 నుంచి 28 ఏళ్లు, పీవో, అంటే ప్రొబేషనరీ అధికారి పోస్టులకు 20 నుంచి 30 ఏళ్లు. బీసీలకు 3, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ల సడలింపు కలిపినా మీ 42 ఏళ్లు ఆ పరిమితి దాటిపోయాయి. కోచింగ్ సెంటరుకు డబ్బు కట్టకండి.

రాజకీయ నాయకుడు బ్యాంకు నడిపిన దాఖలా మన వైపు ఉందా?

భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఉన్నారు కదా. 1880లో ఇప్పటి ఏలూరు జిల్లా గుండుగొలనులో పుట్టారు. బందరులో డాక్టరుగా పేరు తెచ్చుకుని, స్వాతంత్ర్యోద్యమం కోసం ఆ ప్రాక్టీసు వదిలేశారు. 1923 నవంబరులో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో బందరులోనే ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టారు. రెండేళ్లకు ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ వచ్చింది. అంతకుముందే, 1915లో, కృష్ణా జిల్లా సహకార బ్యాంకు పుట్టుకలో ఆయన చెయ్యి ఉంది. 1948లో కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు, తర్వాత మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. రాజకీయం ఆయన ఎప్పుడూ మానలేదు. కానీ ఆయన స్థాపించిన బ్యాంకు ఏ పార్టీ ఆఫీసుగానూ మారలేదు. 1980 ఏప్రిల్‌లో జాతీయం అయ్యాక కూడా అదే పేరుతో నడిచి, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. నాయకుడి పలుకుబడి బ్యాంకు పుట్టడానికి సాయపడింది. అది దాదాపు వందేళ్లు నిలబడింది మాత్రం డిపాజిటర్ల నమ్మకం మీదే. ఈ తేడా పట్టుకున్నవారికి మిగతా పని సులువు.

సొసైటీ ప్రెసిడెంట్ అంటే బ్యాంకరు అయినట్టేనా?

చట్టం ప్రకారం సొసైటీ బ్యాంకు కాదు. 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం ప్రాథమిక వ్యవసాయ సంఘాలకు వర్తించదు. అవి బ్యాంకు అనే మాట పేరులో పెట్టుకోకూడదు. రిజర్వు బ్యాంకు నేరుగా తనిఖీ చేయదు, సహకార శాఖే చూస్తుంది. ఇందులో జనానికి తెలియని ముఖ్యమైన విషయం ఒకటుంది. బ్యాంకులో వేసిన డబ్బుకు ఒక్కో డిపాజిటరుకు 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది, 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. సొసైటీలో వేసిన డిపాజిట్‌కు ఆ బీమా లేదు. మన డెల్టాలో డిపాజిట్లు సేకరించే సొసైటీలు చాలా ఉన్నాయి. రిటైరైన మాస్టారు తన సొమ్ము తెచ్చి మీ మొహం చూసి అక్కడ పెడితే, దానికున్న భద్రత మీ నిజాయితీ, మీ సెక్రటరీ లెక్కలు మాత్రమే. పదవి తీసుకునే ముందు ఈ బరువు తెలుసుకుని తీసుకోండి.

సొసైటీలకు ఎన్నికలే జరగట్లేదు కదా, లోపలికి వెళ్లేదెలా?

2013 ఎన్నికల తర్వాత చాలాకాలంగా నడుస్తున్నవి ప్రభుత్వం నియమించే త్రిసభ్య కమిటీలే. ప్రభుత్వం మారితే కమిటీ మారుతుంది. అందువల్ల ఇప్పుడున్న దారి పార్టీ సిఫార్సే, ఆ మాట దాచాల్సిన పనిలేదు. నాకు ఈ పద్ధతి నచ్చదు. సభ్యులు ఓటేసి పంపిన ప్రెసిడెంటు సర్వసభ్య సమావేశానికి జవాబు చెబుతాడు, నామినేటెడ్ ప్రెసిడెంటు పేరు సిఫార్సు చేసినవారికి చెబుతాడు. నామినేషన్ మీద వెళ్లినా ఆ సర్వసభ్య సమావేశం పెట్టండి, బకాయిల జాబితా, ఆడిట్ అభ్యంతరాలు సభ్యుల ముందు చదివించండి. రేపు ఎన్నికలు పెడితే ఆ సభ్యులే మిమ్మల్ని గెలిపిస్తారు.

## అర్హతలు, కాగితాలు చూసుకునేటప్పుడు

ఎంపీటీసీగా ఉంటూనే అర్బన్ బ్యాంకు ఎండీ కావచ్చా?

కాకూడదు. 2021 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం ఎంపీలు, ఎమ్మెల్యేలు, మునిసిపాలిటీ, స్థానిక సంస్థల ప్రతినిధులు అర్బన్ బ్యాంకుల్లో ఎండీగా, పూర్తికాల డైరెక్టరుగా ఉండటానికి వీల్లేదు. పైగా ఆ కుర్చీకి డిగ్రీ కావాలి, వయసు 35 నుంచి 70 మధ్య ఉండాలి, బ్యాంకింగ్ రంగంలో మధ్య లేదా సీనియర్ స్థాయిలో 8 ఏళ్ల అనుభవం ఉండాలి. పదవికి రాజీనామా చేసినంత మాత్రాన ఆ అనుభవం రాదు. కాబట్టి నాయకులు చూసుకోవలసింది సభ్యుల ఓటుతో వచ్చే డైరెక్టరు స్థానం. రాజమహేంద్రవరంలో ఆర్యాపురం, జాంపేట, ఇన్నీసుపేట బ్యాంకుల్లాంటి వాటిలో సభ్యుడికి ఎన్ని షేర్లున్నా ఓటు ఒక్కటే. అక్కడ మీకు జనంలో ఉన్న పరిచయం నిజంగా అక్కరకొస్తుంది. 100 కోట్లు, ఆ పైన డిపాజిట్లున్న అర్బన్ బ్యాంకులకు పాలకవర్గంతో పాటు విడిగా యాజమాన్య మండలి (బోర్డ్ ఆఫ్ మేనేజ్‌మెంట్) కూడా ఉండాలి. లా చదివినవారు, లెక్కలు తెలిసినవారు, వ్యవసాయంలో అనుభవం ఉన్నవారు దానికి కూడా ప్రయత్నించవచ్చు.

ప్రభుత్వ రంగ బ్యాంకు బోర్డుకు వాటాదారుల తరఫున పోటీ చేయాలని ఉంది. ఏం కావాలి?

డిగ్రీ, 35 నుంచి 67 ఏళ్ల మధ్య వయసు. ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ, మునిసిపల్ లేదా పంచాయతీ పదవుల్లో ఏదీ చేతిలో ఉండకూడదు. 2019లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనలివి. మనవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది మరోచోట: ఫైనాన్స్ వ్యాపారం, వడ్డీ వ్యాపారం, హైర్ పర్చేజ్ వంటి వాటితో సంబంధం ఉన్నవారు అనర్హులు. డెల్టా పట్టణాల్లో ఎంతమంది నాయకులు ఫైనాన్స్ కంపెనీలు నడుపుతుంటారో మీకే తెలుసు. భార్య పేరున ఉంది కదా అని ఊరుకోకుండా, దరఖాస్తుకు ముందే కంపెనీ చట్టం తెలిసిన వకీలుకు చూపించుకోండి.

ధర్నాలు, రాస్తారోకోల కేసులున్నాయి. అడ్డం అవుతాయా?

నైతిక పతనం కిందకొచ్చే నేరంలో, అంటే మోసం, దొంగతనం, ఫోర్జరీ లాంటి వాటిలో, శిక్ష పడినవారిని బ్యాంకు పనిలో పెట్టుకోకూడదని చట్టమే చెబుతోంది. దివాలా తీసినవారినీ అంతే. రోడ్డు మీద బైఠాయించిన కేసు ఆ కోవలోకి రాదు. కానీ పెండింగు కేసులన్నీ డిక్లరేషన్‌లో రాయాలి. చిన్న కేసే కదా అని దాచిపెడితే కేసుకంటే ఆ దాపరికమే మీ మీద పెద్ద మచ్చ అవుతుంది. కొట్టేసిన కేసులకు తీర్పు సర్టిఫైడ్ కాపీలు తెచ్చి ఫైలు చేసుకోండి. రాజీ పడదగ్గ కేసులు లోక్ అదాలత్‌లో పరిష్కరించుకుంటే ఆ అవార్డు కాపీ కూడా ఫైల్లో ఉండాలి.

నాకు అప్పుల్లేవు గానీ, ఊళ్లో చాలామందికి జామీను సంతకాలు పెట్టాను.

జామీను పెట్టిన అప్పు మీ సిబిల్ రిపోర్టులో, అంటే మీ అప్పుల చరిత్ర చూపే నివేదికలో కనిపిస్తుంది, అసలు అప్పుదారు కట్టకపోతే అది మీ స్కోరును కూడా లాగేస్తుంది. సహకార సంఘంలో బకాయిదారుగా ఉన్నవారు పాలకవర్గానికి అనర్హులు. మొదట సిబిల్ రిపోర్టు తీయించండి, ఏడాదికి ఒకసారి ఉచితంగా వస్తుంది. అందులో మీకు గుర్తులేని సంతకం ఒకటైనా బయటపడే అవకాశం ఎక్కువ. కట్టించగలిగినవి కట్టించండి, అప్పు తీరినచోట నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. నాయకుడి సంతకానికి ఊళ్లో విలువ ఉంటుంది కాబట్టే అందరూ మీ దగ్గరకొచ్చారు. ఇక మీదట ఆ సంతకం ఇవ్వలేనని చెప్పడం ఈ వృత్తిలో మొదటి పని.

పదో తరగతే చదివాను. దారి మూసుకుపోయినట్టేనా?

బ్యాంక్ మిత్ర పని చూడండి. 2006లో రిజర్వు బ్యాంకు తెచ్చిన ఈ ఏర్పాటులో కిరాణా కొట్టువారు, మందుల షాపువారు, రిటైరైన మాస్టార్లు, మాజీ సైనికులు పనిచేస్తున్నారు. ఐఐబీఎఫ్ అనే బ్యాంకింగ్ శిక్షణ సంస్థ పెట్టే పరీక్ష పాసవ్వాలి, బ్యాంకు విచారణ చేసుకుంటుంది, ఆదాయం కమీషన్ మీదే. ఆధార్ వేలిముద్రతో డబ్బు తీసివ్వడం, ఖాతాలు తెరవడం, చిన్న డిపాజిట్లు కట్టించుకోవడం ముఖ్యమైన పనులు. నాయకుడిగా పెద్ద హోదాలో తిరిగినవారికి కౌంటర్ వెనక కూర్చోవడం మొదట్లో కష్టంగానే ఉంటుంది. లంక గ్రామాల్లో బ్యాంకుకు వెళ్లాలంటే పంటు ఎక్కాల్సిన ముసలమ్మకు ఆ కౌంటర్ ఎంత అవసరమో చూసినవారు మాత్రం దాన్ని తక్కువ పనిగా అనుకోరు.

## చేరిన కొత్తలో

పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేయాలా?

ఏ కుర్చీ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రభుత్వ రంగ బ్యాంకు అధికారి అయితే క్రియాశీల రాజకీయాల్లో పాల్గొనకూడదు, ఎన్నికల్లో నిలబడకూడదు. సహకార సంఘానికో, అర్బన్ బ్యాంకుకో ఎన్నికైన డైరెక్టరైతే పార్టీలో ఉన్నంత మాత్రాన పదవి పోదు. అయినా నా సలహా ఒకటుంది. మండల అధ్యక్షుడు, బూత్ కన్వీనరు లాంటి పార్టీ బాధ్యతలు వదిలేయండి. కండువా వేసుకుని బ్యాంకు గుమ్మం ఎక్కకండి. అవతలి పార్టీ రైతు మీ ఎదురుగా కూర్చుని తన ఇంటి అప్పుల గురించి ఉన్నదున్నట్టు చెప్పగలగాలి.

పొద్దున్నే ఇంటికొచ్చి లోన్ ఇప్పించమనేవాళ్లతో ఎలా?

ఈ ప్రశ్నకు జవాబు దొరికితే మీరు బ్యాంకరు అయినట్టే అని నేను నమ్ముతాను. రాజకీయాల్లో ఇంటికొచ్చినవాడిని ఖాళీ చేతులతో పంపకూడదు. చేస్తామనో, చూద్దామనో, మేనేజరుకు ఫోన్ చేస్తామనో ఏదో ఒక మాట ఇవ్వాలి. ఆ అలవాటే బ్యాంకులో ముంచుతుంది. ఓటరు మీ గుమ్మం ఎక్కుతాడు, అడుగుతాడు, అలుగుతాడు. డిపాజిటరు ఎప్పుడూ రాడు. కువైట్‌లో ఇంటిపని చేసి కోనసీమ ఆడపడుచు పంపిన డబ్బు, భర్త పోయాక వచ్చిన బీమా సొమ్ము, కొబ్బరికాయ అమ్మిన బయానా, ఇవన్నీ మీ బ్యాంకులో మాట్లాడకుండా కూర్చుని ఉంటాయి. మీరు లోన్ ఇప్పించేది ఆ డబ్బే. వచ్చినవాడి ముఖం చూసి నిర్ణయం తీసుకుంటే కనిపించనివాళ్లకు అన్యాయం జరుగుతుంది.

ఆచరణలో ఇలా చేయండి. ఇంటి దగ్గర అప్పు మాట వద్దని మొదటి వారమే చెప్పండి. దరఖాస్తు శాఖలోనే ఇవ్వమనండి, రసీదు ఇప్పించండి, ఎన్ని రోజుల్లో జవాబొస్తుందో చెప్పించండి. ఇవ్వడం కుదరకపోతే కారణం రాతపూర్వకంగా ఇప్పించండి. మన జనం కాదన్నందుకు బాధపడరు, ఆరు నెలలు తిప్పినందుకు బాధపడతారు. దగ్గరి బంధువుల దరఖాస్తు చర్చకొచ్చినప్పుడు లేచి బయటకెళ్లండి, వెళ్లారని మినిట్స్‌లో రాయించండి.

అర్బన్ బ్యాంకు డైరెక్టరుగా ఉంటూ నా రొయ్యల చెరువుకు అక్కడే లోన్ తీసుకోవచ్చా?

కూడదు. అర్బన్ బ్యాంకులు తమ డైరెక్టర్లకు, వారి బంధువులకు, వారికి ఆసక్తి ఉన్న సంస్థలకు అప్పులివ్వకుండా రిజర్వు బ్యాంకు 2003 నుంచే కట్టడి చేసింది. డైరెక్టరు హామీదారుగా సంతకం పెట్టడం కూడా అందులోకే వస్తుంది. డిపాజిట్ల మీద తీసుకునే అప్పు లాంటి కొన్నిటికే మినహాయింపు. చెరువుకు పెట్టుబడి కావాలంటే వేరే బ్యాంకుకు వెళ్లండి. తెల్లమచ్చల వైరస్ వచ్చి పంట పోతే, అప్పు కట్టలేని డైరెక్టరు ఇంకొకరి బకాయి గురించి నోరెత్తలేడు.

బ్యాలెన్స్ షీట్ చదవడం రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

బకాయిల జాబితాతో మొదలుపెట్టండి. మామూలు టర్మ్ లోన్‌లో వాయిదా 90 రోజులు దాటితే నిరర్థక ఆస్తి, అంటే మొండి బాకీ లెక్క. వరి లాంటి స్వల్పకాలిక పంట రుణమైతే రెండు పంట కాలాలు దాటాలి. తర్వాత పెద్ద అప్పులు ఇరవై చూడండి, ఎవరెవరి పేర్ల మీద ఉన్నాయో. ఆ పైన బుక్ అడ్జస్ట్‌మెంట్లు. పాత అప్పు కట్టినట్టు, అదే రోజు కొత్త అప్పు ఇచ్చినట్టు రాస్తారు. రైతు చేతి నుంచి రూపాయి కదలదు, బకాయి మాత్రం కాగితం మీద మాయమవుతుంది. మార్చి చివరి వారం లావాదేవీలు ఒకసారి పక్కన పెట్టుకుని చూస్తే ఇది కళ్లకు కడుతుంది. బంగారు రుణాల్లో నగలు మళ్లీ తూకం వేయించండి, నగల విలువ కట్టే అప్రైజర్‌ను మార్చి చేయించండి. ఈ నాలుగూ అర్థమయ్యాక బ్యాలెన్స్ షీట్ దానంతటదే అర్థమవుతుంది.

## కుర్చీలో కుదురుకున్నాక

కౌలు రైతుకు అప్పివ్వడం నిజంగా కుదిరే పనేనా?

కుదురుతుంది, కానీ కష్టం. కష్టం ఎక్కడుందో ముందు చూద్దాం. ధవళేశ్వరం నుంచి నీరు పారే ఈ మూడు డెల్టాల్లో చేను దున్నేవారిలో పెద్ద భాగం కౌలుదారులే. పంట రుణం మాత్రం పట్టాదారు పాసుపుస్తకం చూపిన భూమి యజమాని తీసేసుకుంటాడు. ఆయన హైదరాబాదులో ఉండొచ్చు, ఆ డబ్బు ఇంకెక్కడో ఖర్చు కావచ్చు. ఒకే సర్వే నంబరు మీద ఒకే పంటకు రెండోసారి అప్పు పుట్టదు. దాంతో కౌలుదారు ఎరువుల కొట్టు దగ్గర, ధాన్యం కమీషన్ వ్యాపారి దగ్గర అప్పు చేసి, పంట వచ్చాక వాళ్లు చెప్పిన ధరకే తోలాల్సి వస్తుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. ఖర్చు, ధర, అప్పు ఈ మూడూ కలిసి మెడకు చుట్టుకున్న ఫలితమది.

2019 నాటి రాష్ట్ర పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకు ఇచ్చే సీసీఆర్‌సీ కార్డు 11 నెలలు చెల్లుతుంది, దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందని యజమానుల భయం. ఆ కార్డు వల్ల యాజమాన్య హక్కుకు ఏమీ కాదని చట్టంలోనే ఉంది. ఈ మాట వీఆర్వో చెబితే నమ్మని ఆసామి, ఇరవై ఏళ్లుగా తెలిసిన మాజీ సర్పంచ్ చెబితే వింటాడు. మీ రాజకీయ జీవితమంతా ఇక్కడ పనికొస్తుంది. కాలువలకు నీళ్లు వదిలేలోపు, వేసవిలోనే యజమానిని, కౌలుదారును ఒకచోట కూర్చోబెట్టండి. యజమాని ఆ సర్వే నంబరు మీద పంట రుణం తీసుకోనని ఒప్పుకుంటే సగం పని అయినట్టే. సంతకం పెట్టని చోట నలుగురి నుంచి పది మంది వరకు కౌలుదారులతో ఉమ్మడి బాధ్యతా సంఘం పెట్టించవచ్చు. 2025 జనవరి నుంచి వ్యవసాయ రుణం 2 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇవ్వాలి, దాన్ని శాఖలో గుర్తుచేయండి. పాలకవర్గంలో ఉన్నన్నాళ్లూ ఈ ఒక్క పని సరిగా చేసినా ఊరికి మేలు చేసినవారవుతారు.

మా పార్టీ రుణమాఫీ అంటోంది. బ్యాంకులో కూర్చుని నేనేం చెప్పాలి?

కట్టమనే చెప్పాలి. 1990లో 10 వేల వరకు, 2008లో దేశవ్యాప్తంగా, 2014లో రాష్ట్రంలో కుటుంబానికి లక్షన్నర వరకు మాఫీలు చూశాం. ప్రకటన వినగానే వాయిదాలు ఆగిపోతాయి. ప్రభుత్వం నుంచి సొమ్ము విడతలుగా వస్తుంది. ఈలోగా గడువు దాటినవారికి 3 లక్షల లోపు పంట రుణం మీద సకాలంలో కట్టినవారికి వచ్చే 3 శాతం వడ్డీ రాయితీ పోతుంది, కొత్త అప్పు పుట్టదు. కష్టంలో ఉన్న రైతుకు మాఫీ న్యాయమే అనుకునే హక్కు మీకుంది, వేదిక మీద ఆ మాట అనండి. బ్యాంకు గదిలో మాత్రం గడువు తేదీ, వడ్డీ లెక్క చెప్పండి. జీవో చేతికొచ్చేదాకా మాఫీ మాట మీ నోటి వెంట రాకూడదు.

వసూలుకు నా పలుకుబడి వాడొచ్చా?

నచ్చజెప్పడానికి వాడండి. బెదిరించడానికి, రచ్చబండ దగ్గర పరువు తీయడానికి వద్దు. వసూలు ఏజెంట్లు పొద్దున 8 నుంచి రాత్రి 7 లోపే సంప్రదించాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అనుచరులను వెంటేసుకుని అప్పుదారు ఇంటికి వెళ్లడం ఎవరికీ మంచిది కాదు.

ఏదైనా తేడా జరిగితే నా మీదకొస్తుందా?

వస్తుంది. బ్యాంకు ఛైర్మన్లు, డైరెక్టర్లు, ఉద్యోగులను అవినీతి కేసుల్లో ప్రజా సేవకులుగా చూస్తారు. ప్రైవేటు బ్యాంకు వారికి కూడా ఇది వర్తిస్తుందని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. సహకార సంఘాల్లో 1964 చట్టం 51వ సెక్షన్ కింద విచారణ, 60వ సెక్షన్ కింద సర్‌చార్జి ఉంటాయి. అంటే సంఘానికి జరిగిన నష్టాన్ని మీ సొంత ఆస్తి నుంచి రాబట్టవచ్చు. తీర్మానం నచ్చకపోతే సమావేశంలో మౌనంగా కూర్చోకండి, అసమ్మతిని మినిట్స్‌లో రాయించి నకలు తీసుకోండి.

## తిరిగి వెళ్లాలనిపిస్తే

సహకార బ్యాంకు డైరెక్టరుగా ఎన్నాళ్లుండొచ్చు?

వరుసగా 10 ఏళ్లు. ఇంతకుముందు 8 ఏళ్లుండేది, 2025 ఆగస్టు 1 నుంచి పెంచారు. ఛైర్మన్, పూర్తికాల డైరెక్టర్లకు ఈ లెక్క వర్తించదు.

మళ్లీ ఎన్నికల్లో నిలబడొచ్చా?

బ్యాంకు అధికారిగా ఉంటే ముందు రాజీనామా ఆమోదం పొందాలి. ఎన్నికైన డైరెక్టరైతే పోటీకి అంత అడ్డం ఉండదు, అయితే సంఘం నియమావళి, మీరు పోటీ చేసే పదవి అనర్హత నిబంధనలు రెండూ జిల్లా సహకార అధికారి దగ్గర, ఎన్నికల అధికారి దగ్గర సరిచూసుకోండి. బ్యాంక్ మిత్ర అయితే పనిచేస్తున్న బ్యాంకుకు రాసిచ్చి తప్పుకోవడం మంచిది. జనం సొమ్ము చేతిలో పెట్టుకుని ప్రచారానికి తిరగకూడదు. పోటీ చేయాలని మనసులో అనుకున్న రోజు నుంచే రుణాల మంజూరు కమిటీకి దూరంగా ఉండండి, రుణ మేళాల్లో చెక్కులు పంచే ఫొటోలు దిగకండి. నామినేషన్‌కు ముందే మీ బాధ్యతలు రాతపూర్వకంగా అప్పగించి, మీ హయాంలో ఇచ్చిన అప్పుల జాబితా, వాటి వసూలు స్థితి, పెండింగులో ఉన్న ఆడిట్ అభ్యంతరాలు అన్నిటికీ సెక్రటరీ సంతకంతో ఒక నకలు దగ్గర పెట్టుకోండి. ప్రచారంలో ఎవరైనా అడిగితే ఆ కాగితమే చూపించండి.